పొగగొట్టం చుట్టూ చెమ్మ

హార్త్‌బీ,
14 నవంబరు 1985.

అన్నయ్యకి,

ముందు నీ కాలు సంగతి చెప్పు. జీవితమంతా ఇళ్ళ కప్పులు బాగుచేస్తూ వాటి మీద కోతిలా తిరిగినవాడివి, చివరికి పబ్బు గుమ్మంలో మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నావని విని ముందు నవ్వాను, తరువాత ఏడ్చాను. పిండికట్టు ఎప్పుడు విప్పుతారు? నువ్వు కదలగలిగితే రైలెక్కి రమ్మనేదాన్ని. ఫోను గని సమ్మె రోజుల్లోనే, బిల్లు కట్టలేదని, పీక్కుపోయారు కాబట్టి ఉత్తరమే గతి.

సంగతి ఇది. మా అటకలో పొగగొట్టం చుట్టూ ఇటుకలు తడిసిపోతున్నాయి. ముట్టుకుంటే చెయ్యి తడవుతోంది. పక్కనున్న వాసాల మీద నల్లటి బూజు, పిల్లి బొచ్చులాగా. కింద పడకగది కప్పు మీద, సరిగ్గా ఆ చోటే, టీ ఒలికినట్టు గోధుమరంగు మరక దిగింది. తుడిస్తే పోదు, సున్నం వేస్తే మళ్ళీ పైకి తేలుతుంది. గదంతా ఉతకని మేజోళ్ళ వాసన.

ఒట్టి చెమ్మే అయితే నీ ప్రాణం తియ్యను. దీనికంతటికీ కారణం పక్కింటి నెవిల్ అంటున్నాడు మీ బావ హోరెస్. మా రెండిళ్ళకీ పొగగొట్టం ఒక్కటేనని నీకు తెలుసుగా, నడిమధ్య నిలబడి ఉంటుంది, చెరిసగం. నెవిల్ తన వైపు నుంచి దాని మీద బకెట్లతో నీళ్ళు పోస్తున్నాడట, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించడానికి. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి హోరెస్ కింద ఎక్కడా లేడు. అటకెక్కి చూస్తే చీకట్లో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో పికాసు కర్ర. ఏం చేస్తున్నావని అడిగాను.

"నీళ్ళు పోసే చెయ్యి కనపడాలి నాకు, అంతే," అన్నాడు.

నువ్వు సముద్రం ఒడ్డున ఉంటావు, ఇక్కడి సంగతులు నీకు పేపర్లో చదివినంతే తెలుసు. నెవిల్, మీ బావ ఒకే చోట పక్కపక్కన పడుకుని బొగ్గు తవ్వినవాళ్ళు. ఒకసారి పైకప్పు కూలినప్పుడు నెవిల్‌ని కాళ్ళు పట్టి బయటికి లాగింది హోరెస్సే. సమ్మె ముగియడానికి ఇంకొన్ని వారాలే ఉన్నాయనగా నెవిల్ పనిలోకి వెళ్ళాడు. ఆ రోజు నుంచీ మా వీధిలో వాడి పేరు ద్రోహి. వాడు పెంచే పావురాల మెడలు విరిచి గేటుకి వేలాడదీశారు. కిటికీలు మూడుసార్లు పగలగొట్టారు. కప్పు మీదికి విసిరిన ఇటుకలకి పలకలు పగిలితే సెప్టెంబరులో వాడే నిచ్చెన వేసుకుని ఎక్కి బాగుచేసుకున్నాడు, కింద నుంచి జనం ఉమ్ముతుంటే. సమ్మెలో పనిలోకి వెళ్ళేవాళ్ళని తీసుకెళ్ళే గని బస్సు మీద రాళ్ళు వేశాడని మీ బావని పనిలోంచి తీసేశారు. నెవిల్ ఇంకా పనిలో ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క ఇటుక మందం గోడ.

ఐరిస్ గుర్తుంది కదా, నెవిల్ భార్య, నా పెళ్ళికి కేకు చేసింది. మేము మాట్లాడుకుని ఏడాది కావస్తోంది. అది ఎదురొస్తే నేను తల తిప్పుకుంటాను. అది కూడా.

నాకు కావలసింది ఒక్కటే. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చెప్పు. నెవిల్ కాదని తేలాలి. తేలకపోతే మీ బావ వాణ్ణి చంపుతాడు. ఇది కోపంలో అంటున్న మాట కాదు, నేను ఆయనతో కాపురం చేస్తున్నదాన్ని.

నీ చెల్లెలు,
హిల్డా


విట్బీ,
19 నవంబరు.

హిల్డా తల్లికి,

కాలు కాలులాగే ఉంది. పిండికట్టు లోపల దురద పెడితే అల్లికసూది దూర్చి గోక్కుంటున్నాను. పబ్బు యజమాని భార్య రోజూ సూప్ తెచ్చి ఇస్తోంది, మెట్టు వాళ్ళదే కాబట్టి పాపభయం. ఆమె సూప్ తాగాక ఇంకో కాలు కూడా విరిగితే బాగుండును అనిపిస్తుంది, స్పృహ తప్పి పడి ఉండొచ్చు.

నీ చెమ్మ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. పొగగొట్టం చుట్టూ నీళ్ళంటే పైనుంచే. పొగగొట్టం కప్పులోంచి బయటికి వచ్చే చోట చుట్టూ సీసపు రేకు మడిచి ఉంటుంది. ముఖ్యంగా వెనక వైపు, వాలు మీద నుంచి వచ్చే వాన అంతా వచ్చి కొట్టేది అక్కడే. ఆ రేకు లేచినా, చిరిగినా, ఎవరైనా కోసుకుపోయినా నీళ్ళు తిన్నగా ఇటుకలోకి దిగుతాయి. మీ రెండిళ్ళూ కలిసే గీత మీదే ఆ మడత ఉంటుంది, కాబట్టి నెవిల్ వైపు కూడా చూడాలి.

ఆఖరిసారి పైకి ఎవరు ఎక్కారో వాళ్ళని అడగండి. మా వృత్తిలో సగంమంది కప్పు ఎక్కేది సీసం ఎత్తుకుపోవడానికే, పాతసామాన్లవాడు కళ్ళకద్దుకుని కొంటాడు. నేను తప్ప మిగతా సగం కూడా అంతే.

బావని బుర్ర చల్లగా పెట్టుకోమను. పికాసు కర్రతో చెమ్మ ఆరదు. ఆయన పని సంగతి విని బాధపడ్డాను. ఆ మాట ముందే రాయవలసింది, నాకు రాయడం చేతకాక ఊరుకున్నాను.

మీ అన్నయ్య,
క్లెమ్


హార్త్‌బీ,
26 నవంబరు.

అన్నయ్యా,

నీ జోకులు నువ్వే ఉంచుకో. ఇకముందు నాకు రాసేటప్పుడు ఒక్క జోకు రాసినా ఉత్తరం పొయ్యిలో పెడతాను.

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర పైకి చదివాను. బుద్ధి గడ్డి తిని చదివాను. హోరెస్ ఉల్లిపాయలు వేసిన కార్జం తింటున్నాడు. నెవిల్ వైపు చూడాలి అన్న దగ్గర నమలడం ఆపాడు. ఆఖరిసారి పైకి ఎవరు ఎక్కారో అడగమన్న దగ్గర ఫోర్కు కింద పెట్టాడు. సీసం ఎత్తుకుపోవడం అని నేను నవ్వుతూ చదువుతుండగానే ఆయన కుర్చీలో లేడు.

నెవిల్ అప్పుడే పని దిగి సైకిలు నడిపించుకుంటూ వెనకగుమ్మం వైపు వస్తున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, కాళ్ళు కదల్లేదు.

"సీసం ఎక్కడ అమ్మావురా?" అన్నాడు మీ బావ.

"ఏ సీసం?" అన్నాడు నెవిల్.

అంతే. పికాసు కర్ర దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అద్దం లోపలికి వినపడింది అన్నయ్యా, ఎండుకొమ్మ విరిచినట్టు. సైకిలు మీద పడ్డాడు. పళ్ళు రాళ్ళ మీద దొర్లాయి. హోరెస్ ఆగలేదు, పడ్డవాణ్ణి పక్కటెముకల్లో తన్నాడు, మళ్ళీ తన్నాడు. గుమ్మాల్లోకి జనం వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. ఎవరో ఇంకా వెయ్యి అన్నారు కూడా.

ఆపింది ఐరిస్. లోపలి నుంచి మరుగుతున్న కెటిలు పట్టుకుని వచ్చి హోరెస్ మీద గుమ్మరించింది. భుజం నుంచి మోచేయి దాకా తోలు లేచిపోయింది. ఆయన అరుపు విని అప్పుడు కదిలాయి నా కాళ్ళు. నేను వెళ్ళి ఐరిస్ జుట్టు పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకిప్పటికీ తెలియదు. అది నా మొహం గీరేసింది. అక్కడ నా మొగుడు వాళ్ళాయన దవడ విరగ్గొట్టి కాలిన చెయ్యి పట్టుకుని ఊగుతుంటే, మేమిద్దరం మురిక్కాలవ పక్కన కుక్కల్లా కొట్టుకున్నాం.

నెవిల్ దవడ తీగలు వేసి బిగించారు. సైకిలు మీంచి పడ్డానని ఆసుపత్రిలో కాగితం మీద రాసి చూపించాడట. సమ్మె ఏడాదిలో పోలీసుల లాఠీలు చూశాక ఇక్కడ ఏ పక్షంవాళ్ళూ వాళ్ళ గుమ్మం తొక్కరు.

ఇప్పుడు విను, అసలు సంగతి. మర్నాడు చెయ్యికి కట్టు కట్టుకునే హోరెస్ నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కాడు. నీ సీసపు రేకు ముందూ వెనకా చెక్కు చెదరలేదు. కొత్తదానిలా ఉంది. నెవిల్ వేసిన పలకలు మా వాటికంటే నున్నగా కూర్చున్నాయి. దిగి వచ్చాక ఇప్పుడేమంటావని అడిగాను.

"అయితే నీళ్ళే పోస్తున్నాడు," అన్నాడు.

చూశావా? వాడి దవడ పోయింది, ఈయన తోలు పోయింది, నా మొహం మీద గోళ్ళ గీతలు, ఇటుకలు మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి. పెద్దగా ఆలోచించక్కర్లేదు అన్నావు. ఈసారి దయచేసి ఆలోచించు.

హిల్డా


విట్బీ,
30 నవంబరు.

హిల్డా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నాకూ ఒళ్ళు మండింది. రేకు చూడమని రాశాను, దవడ విరగ్గొట్టమని రాయలేదు. నా జోకు విని మనిషిని చావగొట్టేవాడు నా జోకు లేకపోయినా కొట్టేవాడే. ఆ కర్ర ఆయన ఒళ్ళోకి నేను ఉత్తరం రాయకముందే వచ్చింది. ఇంతకన్నా ఎక్కువ అంటే నువ్వు ఏడుస్తావు, అందుకని ఆపుతున్నాను.

కానీ చూడకుండా చెప్పడం నా తప్పే. మనిషిని చూడకుండా మందు ఇచ్చే డాక్టరుని చెప్పుతో కొట్టాలంటాను, అదే పని నేను చేశాను. ఈసారి నువ్వే నా కళ్ళు. నేను చెప్పినవి చేసి, చూసింది చూసినట్టు రాయి. నీ అభిప్రాయాలు వద్దు, బావ అభిప్రాయాలు అసలే వద్దు.

ఒకటి, తడి ఏ రోజు ఎక్కువగా ఉంటోంది? వాన పడిన రోజా, లేక వాన లేకుండా గడ్డకట్టే చలి వేసిన రోజా? ఇది జాగ్రత్తగా చూడు, సగం జబ్బు ఇక్కడే తెలుస్తుంది.

తరువాత, వంటకి వాడే అల్యూమినియం ఫాయిలు జానెడు ముక్క తీసుకో. ఒక ఇటుకని గుడ్డతో బాగా తుడిచి, దాని మీద ఆ ముక్క పెట్టి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపు వెయ్యి. కొన్నాళ్ళు వదిలెయ్యి. విప్పేటప్పుడు చూడు, తడి ఫాయిలు వెనక ఇటుక వైపు ఉందా, పైన నీ వైపు ఉందా అని. వెనక ఉంటే నీళ్ళు గోడలోంచి వస్తున్నాయి. పైన ఉంటే అటకలో ఉన్న గాలిలోంచి వచ్చి చల్లటి చోట కూర్చుంటున్నాయి, చలికాలం కిటికీ అద్దం లోపల చెమట పట్టినట్టు.

ఇంకా, మీ నిప్పుగూట్లో మంట వేస్తున్నారా? గనిలో పని పోయిందన్నావు. పనితో పాటు గని ఇచ్చే బొగ్గు కూడా పోతుందని నాకు అప్పుడు తట్టలేదు. మంట లేకపోతే ఆ గొట్టాన్ని ఏం చేశారు? అటకలో గాలి ఎటునుంచి వస్తుంది? ఆ రోజుల్లో నేను వచ్చినప్పుడు మీ అటకలోంచి నెవిల్ అటకలోకి పాకుతూ వెళ్ళవచ్చు, రెండిళ్ళకీ కలిపి ఒకటే ఉండేది. క్రిస్మస్ సామాన్లు అటూ ఇటూ మార్చుకునేవాళ్ళు మీరు. ఇప్పుడూ అలాగే ఉందా?

ఈ ఉత్తరం బావకి చదివి వినిపించకు. నీ మొహం మీద గీతలకి వేజలీను రాసుకో.

క్లెమ్


హార్త్‌బీ,
8 డిసెంబరు.

అన్నయ్యా,

ఏడ్చాను, నిజమే. తరువాత ఫాయిలు కొనుక్కొచ్చాను.

మీ బావ మధ్యాహ్నాలు క్లబ్బుకి పోతున్నాడు. ఈ వీధిలో ఇప్పుడు ఆయన పెద్దమనిషి, గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఎవరో ఒకరు నింపుతారు. అంతకుముందు పని పోయి వీధి వెంట తలవంచుకుని తిరిగినవాడు, నెవిల్ దవడ విరిచాక తల ఎత్తుకుని నడుస్తున్నాడు. ఇంకా పూర్తి కాలేదట. తీగలు విప్పాక వాణ్ణి మళ్ళీ నిలబెట్టి, నీళ్ళు పోశానని వాడి నోటితోనే చెప్పించి, అప్పుడు ముగిస్తాడట. నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు ఈ మాట, సెలవులకి ఎక్కడికి వెళదామో చెప్పినట్టు.

ఆయన బయటికి వెళ్ళాక నేను అటకెక్కుతున్నాను. నువ్వు అడిగినవాటికి జవాబులు.

వాన రోజున పొగగొట్టం మామూలుగా ఉంది, ముందురోజు తడే తప్ప కొత్తది లేదు. మొన్న ఆకాశం అద్దంలా ఉండి రోజంతా మంచు కరగలేదు చూడు, ఆ రోజు ఇటుకల మీద నీళ్ళు చారలుగా కారాయి. పలకల కింద మేకుల చివరల్లో చుక్కలు వేలాడాయి. నేను చూసి బిత్తరపోయాను. వాన లేదు, నెవిల్ మంచంలో ఉన్నాడు, మరి నీళ్ళు ఎవరు పోశారు?

ఫాయిలు విప్పాను. పైన, నా వైపు, బొటబొటా తడి. వెనక వైపు దాదాపు పొడి, కొంచెం గోధుమరంగు జిడ్డు అంటుకుంది అంతే.

మంట లేదు. గని బొగ్గు ఆగిపోయిన వారంలోనే హోరెస్ నిప్పుగూటికి పలక కొట్టి మూసేశాడు, పైన గొట్టం నోటి మీద రాతిబండ పెట్టి సిమెంటు చేశాడు, చలిగాలి దిగకుండా. గొట్టం పైనా కిందా బిగుసుకుపోయింది. ఇప్పుడు పడకగదిలో కిరసనాయిలు హీటరు పెట్టుకుంటున్నాం. బట్టలు దాని ముందే ఆరేస్తున్నాను, బయట వేస్తే రేకుల్లా గడ్డకడతాయి.

ఇక అటక. లేదు, ఇప్పుడు ఒకటిగా లేదు. నెవిల్ పనిలోకి వెళ్ళిన రోజే హోరెస్ మధ్యలో గోడ కట్టాడు. ఇటుకలు ఎక్కడివి, కర్రలు నిలబెట్టి, గనిలో బొగ్గు మోసే రబ్బరు పట్టా పాత ముక్కలు తెచ్చి మేకులు కొట్టాడు. పొగగొట్టానికి అటూ ఇటూ, నేల నుంచి వాసాల దాకా. సందులన్నీ తారు పెట్టి మూశాడు. ద్రోహి వదిలిన గాలి మా ఇంట్లోకి రాకూడదని. ఆ రోజు వీధిలో వాళ్ళు వచ్చి చేతులు వేశారు, నేను టీ పెట్టి ఇచ్చాను. ఈ రెండిళ్ళకీ గాలి వచ్చే కన్నాల ఇటుకలు నెవిల్ వైపు చివరి గోడలోనే ఉన్నాయి. రాస్తుంటే ఇప్పుడు నాకు అనుమానం వస్తోంది, కానీ నా అభిప్రాయాలు వద్దన్నావు.

గోడ పలచన కదా, ఐరిస్ వాళ్ళాయనకి స్పూనుతో సూప్ పట్టడం వినిపిస్తోంది. బిగించిన పళ్ళ మధ్య నుంచి వాడు జుర్రుకునే చప్పుడు. నిన్న ఐరిస్ మా గుమ్మం ముందు ఉమ్మి వెళ్ళింది. నేను బయటికి వెళ్ళి కడిగాను.

త్వరగా రాయి.

హిల్డా


విట్బీ,
12 డిసెంబరు.

హిల్డా తల్లికి,

ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆ నీళ్ళు మీవే.

కెటిలు ఆవిరి, ఆరేసిన బట్టలు, మీ ఇద్దరి ఊపిరి, అన్నిటికీ మించి ఆ కిరసనాయిలు హీటరు. అది ఎంత నూనె తాగుతుందో ఇంచుమించు అంత నీటిని గాలిలోకి వదులుతుంది, మనుషులకి ఈ సంగతి చెబితే నమ్మరు. ఆ వెచ్చటి తడిగాలి పైకి పోతుంది. ఇదివరకైతే అటక చేరి నెవిల్ వైపు కన్నాల్లోంచి బయటికి పోయేది. ఇప్పుడు పోవడానికి దారి లేదు. రబ్బరు కంటే గట్టి బిరడా ఇంకొకటి లేదు. మంట లేని మీ సగం పొగగొట్టం ఆ అటకలో అన్నిటికంటే చల్లటి వస్తువు, కాబట్టి ఆవిరంతా వచ్చి దాని మీద నీరవుతోంది. అందుకే వాన రోజు కాక గడ్డకట్టే రోజు ఎక్కువ. గోధుమరంగు మరక పాత మసి. గొట్టం లోపల ఏళ్ళతరబడి పట్టిన మసిలో ఉప్పు ఉంటుంది, తడి తగిలితే పీల్చుకుని బయటికి కక్కుతుంది. గొట్టం పైనా కిందా మూసేసరికి అది లోపల ఆరే అవకాశం కూడా పోయింది.

చెయ్యవలసింది చెబుతాను. ఆ రబ్బరు గోడ తీసెయ్యండి, పూర్తిగా కాకపోయినా పొగగొట్టానికి రెండు పక్కలా మనిషి పట్టేంత. నిప్పుగూటి పలకకి గాలాడే కన్నాల రేకు బిగించండి. పైన బండ తీసి, వాన పడకుండా గాలి ఆడే టోపీ పెట్టించండి, అది వసంతంలో నేను వచ్చి చేస్తాను. హీటరు ఈ రోజే ఆపండి. దుప్పట్లు కప్పుకోండి.

ఇది బావకి చెప్పు. ముందు చెప్పు, తరువాత గోడ ముట్టుకో. కట్టినవాడు ఆయన, ఆయన చేత్తోనే తీస్తే మంచిది. చెప్పడం కష్టమని నాకు తెలుసు. తన అటకని తానే తడిపాడని, చెయ్యని తప్పుకి ఒక మనిషి దవడ విరిచాడని ఏ మగవాడూ ఒక్కసారిగా మింగలేడు. కానీ మింగాలి. వాడికి తీగలు విప్పేలోపు మింగాలి.

నేను వచ్చి ఉంటే ఇదంతా అరగంట పని. ఈ వెధవ కాలు.

మీ అన్నయ్య,
క్లెమ్


హార్త్‌బీ,
20 డిసెంబరు.

అన్నయ్యకి,

అక్షరాలు చూసి కంగారుపడకు. ఇవి ఐరిస్‌వి. నేను చెబుతుంటే రాస్తోంది. తనకి నచ్చని చోట పెదవి విరుస్తోంది, అయినా రాస్తోంది. నా కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది, భుజం దగ్గర ఎముక ఒకటి.

నువ్వు చెప్పినట్టే ముందు చెప్పాను. నీ ఉత్తరం తెచ్చి ఆయన ముందు పెట్టాను, ఫాయిలు ముక్క కూడా పెట్టాను. చదివాడు. రెండుసార్లు చదివాడు. ఆ కాసేపు ఆయన మొహంలో నాకు ఆశ కనిపించింది. తరువాత కాగితం మడిచి బల్ల మీద పెట్టి, "మీ అన్నని కూడా కొన్నాడా వాడు?" అన్నాడు. మర్నాడు అటకెక్కి ఆ గోడ మీద ఇంకో వరస రబ్బరు కొట్టాడు. కింద కూర్చుని ప్రతి మేకు చప్పుడూ విన్నాను. అప్పుడే నిశ్చయించుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఆయన క్లబ్బుకి వెళ్ళాక గునపం తీసుకుని ఎక్కాను. నీకు నిజం చెబుతాను, అది కూల్చుతుంటే నాకు సంతోషం వేసింది. మేకులు కీచుమంటూ లేస్తుంటే నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను, గోడని, గనిని, మీ బావని, టీ పెట్టి ఇచ్చిన నన్ను. రబ్బరు వెనక నీళ్ళు ధారలు కట్టి ఉన్నాయి. మొదటి ముక్క ఊడి పడగానే చల్లటి గాలి మొహానికి కొట్టింది. అటు చివర కన్నాల ఇటుకల్లోంచి వెలుతురు కనపడింది. నేను సగం అటువైపు, సగం ఇటువైపు దూరి కింది ముక్క లాగుతున్నాను.

మంచు ఎక్కువై ఆయన తొందరగా వచ్చేశాడట. కింది నుంచి చప్పుడు విన్నాడు. కర్ర తీసుకుని ఎక్కాడు. బయటి తెల్లటి మంచులోంచి వచ్చిన కళ్ళకి అటకలో ఏం కనిపిస్తుంది, ఒక మనిషి గోడ కన్నంలోంచి దూరుతున్నట్టు తప్ప. ఎవరు అని అడగలేదు అన్నయ్యా. ఒక్క మాట అడిగి ఉంటే నేనేనని చెప్పేదాన్ని. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఊపిరి పోయి అరవలేకపోయాను. తలకి అడ్డంగా చెయ్యి పెట్టుకున్నాను, రెండో దెబ్బ దాని మీద పడింది, మూడోది కూడా. కర్ర మళ్ళీ లేచింది.

అప్పుడు అటువైపు నుంచి నెవిల్ వచ్చాడు. మేకుల చప్పుడుకి తనూ ఎక్కి, నన్ను చూసి, ఏం చెయ్యాలో తెలియక అక్కడే కూర్చుని ఉన్నాడట. పాకుతూ వచ్చి నా మీద బోర్లా పడ్డాడు. నా తలకి రావలసిన దెబ్బ వాడి వీపు మీద పడింది. నోరు తెరవలేడు కదా, బిగించిన పళ్ళ వెనక నుంచి మూలిగాడు. చేతిలో టార్చి ఉంది. తన మొహం మీద కాదు, నా మొహం మీద వేశాడు. హోరెస్ నన్ను చూశాడు. కర్ర చేతిలోంచి జారిపోయింది.

నన్ను కిందికి దింపింది నెవిల్, ఐరిస్. వాళ్ళ ఇంటి వైపు నుంచే దింపారు. మేకు గీరుకుని నా మొహం మీద, తను గీరిన గీతల మీదుగా కారిన నెత్తురు ఐరిస్ తన ఏప్రను అంచుతో తుడిచింది, తిడుతూనే తుడిచింది. ఇక్కడ రాయడం ఆపి నన్ను కోపంగా చూస్తోంది. రాయి ఐరిస్.

ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగితే మా ఆయన కొట్టాడని చెప్పాను. ఈ ఊళ్ళో ఆ మాట పైకి చెప్పిన మొదటిదాన్ని నేనే అయి ఉంటాను. పోలీసు ఒకడు వచ్చి రాసుకుని వెళ్ళాడు.

అటక ఆరుతోంది. ఐరిస్ రోజూ పొద్దున ఎక్కి చెయ్యి పెట్టి చూసి వచ్చి చెబుతోంది. మరక అంచులు తెల్లబడ్డాయి. బూజుని బ్లీచింగు నీళ్ళతో కడిగిందట, నెవిల్ మా నిప్పుగూటి పలకకి కన్నాలు వేశాడట. నువ్వు చెప్పినదంతా నిజమైంది. నీకు ఆ తృప్తి ఉండాలి.

మీ బావ వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. ఇంటి తాళం నా దగ్గర ఉంది. ఆయన రోజూ గేటు దగ్గరికి వచ్చి నిలబడి ఏడుస్తాడు. దొంగ ఏడుపు కాదు, ఆ మనిషి కుమిలిపోతున్నాడు, నాకు తెలుసు. కాలిన చెయ్యి ఇంకా మానలేదు. వీధిలోవాళ్ళు ఆగి ఆయన భుజం తట్టి వెళుతున్నారు, పాపం అంటున్నారు, నావైపు తిరిగి క్షమించెయ్యమ్మా అంటున్నారు. ఆయన అనేది ఒకటే మాట. "నెవిల్ అనుకున్నాను హిల్డా. ఒట్టు, నెవిల్ అనుకున్నాను." వాళ్ళందరికీ ఆ మాట సరిపోయింది. అదే జవాబైనట్టు తలలు ఊపుతున్నారు.

నాకు సరిపోలేదు. కన్నంలో ఉన్నది నెవిల్ అయి ఉంటే నాలుగో దెబ్బ తల మీద పడేది, మనిషి పోయేవాడు, ఈయన కిందికి దిగి చేతులు కడుక్కుని నన్ను టీ అడిగేవాడు. నేను పెట్టి ఇచ్చేదాన్ని కూడా, అన్నయ్యా. అదే నన్ను పడుకోనివ్వడం లేదు. నన్ను కొట్టినందుకు ఆయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. నెవిల్ అనుకున్నాను అనే మాట ఆయన నోటి నుంచి రావడం మానేసిన రోజు తలుపు తీస్తాను.

ఇవాళ పొద్దున వచ్చాడు. మంచులో టోపీ తీసి నిలబడ్డాడు. కిటికీ కొంచెం తీసి విన్నాను. మళ్ళీ అదే అన్నాడు.

నీ చెల్లెలు,
హిల్డా